అట్టలమ్మ కళ్ళజోడు

ఆ వీధిలో అతన్ని అందరూ అద్దాలాయన అనేవారు. బజారు మలుపులో మందుల దుకాణానికీ, కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టుకీ మధ్య ఇరుక్కున్న కళ్ళజోళ్ళ షాపు అతనిది. ముందుగదిలో గాజు బీరువాలు, మూడు కుర్చీలు. తెర వెనక సన్నటి పొడుగాటి గది, దాని చివర అక్షరాల బోర్డు. ఆ వెనక అద్దాల అంచులు అరగదీసే మిషను ఉన్న పనిగది. పందొమ్మిదేళ్ళుగా అతని లోకమంతా ఆ మూడు గదులే.

మంచి పనివాడని పేరు. కళ్ళజోడు తయారయ్యాక మనిషిని కూర్చోబెట్టి, చెవుల వెనక వేలు పెట్టి చూసి, ఎక్కడ ఒరుసుకుంటోందో కనిపెట్టి, కాడను కాస్త వేడిచేసి వంచేవాడు. మళ్ళీ తొడిగి, "ఇప్పుడు తల అడ్డంగా ఊపండి. మీ ఆవిడ ఏదో అడిగిందనుకోండి" అనేవాడు. వచ్చినవాళ్ళు నవ్వుతూ ఊపేవారు. ఆ నవ్వు కోసమే పని నేర్చుకున్నట్టుండేవాడు.

రెండేళ్ళ కిందట ఆసుపత్రి రోడ్డులో ఒక గది ఖాళీ అయింది. తెలిసినవాళ్ళు తీసుకోమన్నారు. తీసుకున్నాడు. తర్వాత ఊరి చివరి దారాల మిల్లువాళ్ళు వచ్చి, తమ పనివాళ్ళందరికీ కళ్ళు పరీక్ష చేసి జోళ్ళు ఇమ్మని అడిగారు. దానికీ సరేనన్నాడు. ఎందుకు ఒప్పుకున్నావని ఇంట్లో అడిగితే, "వాళ్ళంతట వాళ్ళు వచ్చి అడిగారు కదా, కాదంటే బాగోదు" అన్నాడు. అంతకుమించి తనకూ తెలియదు.

పొద్దున బజారు షాపు, మధ్యాహ్నం ఆసుపత్రి రోడ్డు, సాయంత్రం మళ్ళీ బజారు. ఆదివారాలు మిల్లు. భోజనం మిషను పక్కన నిలబడి నాలుగు ముద్దలు. మొదటి ఏడాది ఒళ్ళు సహకరించింది. రెండో ఏడాదిలో ఏదో మారింది. షాపు ముందు బండి ఆపి, తాళంచెవి చేతిలో పట్టుకుని, దిగకుండా ఐదు నిమిషాలు, పది నిమిషాలు అలాగే కూర్చునేవాడు. కుర్చీల్లో ముగ్గురు కనిపిస్తే వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనిపించేది. "ఇది బాగా కనిపిస్తోందా, అది బాగా కనిపిస్తోందా" అని రోజుకు వందసార్లు అడిగే ప్రశ్న ఒకప్పుడు పాటలా వచ్చేది. ఇప్పుడు అవతలివాళ్ళు తటపటాయిస్తే చాలు, వాళ్ళ నోట్లోంచి జవాబు లాగేసుకోవాలన్నంత చిరాకు పుట్టేది. "ఏదో ఒకటి చెప్పండి" అని కసిరేవాడు. కసిరాక సిగ్గేసేది. ఆ సిగ్గు దిగమింగడానికి ఇంకో గంట ఎక్కువ పనిచేసేవాడు.

తనకు జబ్బు చేసిందని అతనికి తోచలేదు. ఒళ్ళు బద్ధకం అనుకున్నాడు. కౌంటరు దగ్గర పదకొండేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడ ఒకటి రెండుసార్లు, "నాలుగు రోజులు ఎటైనా వెళ్ళిరండి సార్, మొహం పీక్కుపోయింది" అంది. "నేను వెళితే నా పని నువ్వు చేస్తావా?" అన్నాడు. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆమె అతనికంటే నాలుగేళ్ళు పెద్దది. అంతకుముందెన్నడూ ఆమెతో అలా మాట్లాడి ఎరగడు.

ఆ రోజుల్లోనే అట్టలమ్మ వచ్చింది.

అట్టలమ్మంటే పుస్తకాలు కుట్టే మనిషి. గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలన్నీ ఆమె ఇంటికే వెళ్ళేవి. విడిపోయిన కాగితాలను సూదీ దారంతో కుట్టి, వీపుకు గుడ్డ అతికించి, కొత్త అట్టలు వేసి పంపేది. అరవై ఎనిమిదేళ్ళు. కుట్టు వంకర పోవడం మొదలైందని, అద్దాలు మార్పించుకోవడానికి వచ్చింది. కుడికంటికి తక్కువ పవరు చాలింది, ఎడమకంటికి దాదాపు రెట్టింపు పట్టింది.

"ఫ్రేము మాత్రం మార్చకు నాయనా" అంది ముక్కు మీది జోడు తీసిస్తూ. గుండ్రటి పాతకాలపు ఫ్రేము. "దీనికి నా ముక్కు అలవాటైపోయింది, నా ముక్కుకి ఇది అలవాటైపోయింది. ఈ వయసులో మళ్ళీ కొత్త సంబంధాలు ఎక్కడ చూస్తాం."

అతను నవ్వలేదు. "గురువారం రండి" అన్నాడు.

బుధవారం మిల్లుకు నలభై జోళ్ళు వెళ్ళాలి. ఆ నలభైతో పాటే ఇవీ అరగదీశాడు. కుడి అద్దం మీద సిరా చుక్క పెట్టుకోవడం, బిగించాక పవరు కొలిచే మిషనులో పెట్టి మరోసారి చూడడం పని నేర్చుకున్న మొదటి రోజు నుంచీ అతనికున్న అలవాటు. ఆ రోజు చుక్కా పెట్టలేదు, బిగించాకా చూడలేదు. గుండ్రటి ఫ్రేములో ఏ అద్దం ఎటైనా పడుతుంది.

వారం తిరక్కుండా ఆమె మళ్ళీ వచ్చింది. "అక్షరాలు ఈదుతున్నాయి నాయనా. కాసేపు చూస్తే నుదురు లాగేస్తోంది."

అతను జోడు చేతిలోకి కూడా తీసుకోలేదు. కుర్చీల్లో ముగ్గురు కూర్చుని ఉన్నారు. "పవరు పెరిగితే అలాగే ఉంటుందమ్మా. పదిహేను రోజులు వాడండి, అలవాటవుతుంది."

"సూదిలో దారం ఎక్కట్లేదు. మునుపు అద్దాలు లేకుండానే ఎక్కేది."

"వయసు కూడా చూసుకోవాలి కదా. అద్దాలు మార్చగలను గాని కళ్ళు మార్చలేను."

తమాషాగా అన్నాననుకున్నాడు. కుర్చీల్లో ఒకాయన నవ్వాడు కూడా. ఆమె ఆ నవ్విన మనిషి వైపు చూసి, తలూపి, జోడు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

పదిహేను రోజులకు సరిగ్గా వచ్చింది. అతను పనిగదిలో ఉన్నాడు. ముందుగదిలో ఆమె గొంతు వినిపించింది. తెర సందులోంచి కౌంటరావిడ తొంగి చూస్తే, లేనని చెప్పమని చెయ్యి ఊపాడు. ఆమె ఒక్క క్షణం అతన్నే చూసి, వెనక్కి తిరిగి, "సార్ ఆసుపత్రి రోడ్డుకి వెళ్ళారమ్మా" అంది. అప్పుడే అతనికి పొడిదగ్గు తెరలా వచ్చింది. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని మిషను పక్కన కూలబడ్డాడు. బయట కొంతసేపు ఏ అలికిడీ లేదు. తర్వాత తలుపు గంట మోగింది. అట్టలమ్మ వెళ్ళిపోయింది.

మూడు నెలలు గడిచాయి.

ఒక మధ్యాహ్నం షాపులో ఎవరూ లేని వేళ అట్టలమ్మ లోపలికొచ్చింది. "కాడ మరమేకు ఊడిపోయింది నాయనా. అది బిగించిస్తే చాలు" అంది. అద్దాల సంగతి ఎత్తనే లేదు.

అతను పనిగదిలోకి వెళ్ళి మేకు బిగించాడు. ఊరికే, చేతి అలవాటు కొద్దీ, జోడును పవరు కొలిచే మిషనులో పెట్టాడు. అంకె చూశాడు. రెండో అద్దం చూశాడు. ఆమె పవరు రాసుకున్న పాత చీటీ వెతికి తీసి పక్కన పెట్టుకుని మళ్ళీ చూశాడు. కుడి కంటిది ఎడమవైపు ఉంది, ఎడమ కంటిది కుడివైపు ఉంది.

అరికాళ్ళ నుంచి వేడి పాకుతూ చెవులదాకా వచ్చింది. తెర అవతల ఆమె కౌంటరావిడతో ఎండల గురించి మాట్లాడుతోంది. బయటికి వెళ్ళి చెప్పాలి. "అమ్మా, తప్పు నాది" అంటే మూడు మాటలు. గొంతులో ఆ మూడు మాటలూ సిద్ధంగానే ఉన్నాయి. అతను స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. రెండు అద్దాలూ విప్పి, అటుది ఇటూ ఇటుది అటూ వేసి, బిగించి, తుడిచాడు. ఎనిమిది నిమిషాలు కూడా పట్టలేదు.

"మేకు బిగించాను. అద్దాలు కూడా కొంచెం సర్దాను, చూడండి."

ఆమె పెట్టుకుంది. కౌంటరు మీది బిల్లు పుస్తకం దగ్గరికి లాక్కుని, అడుగున ఉన్న చిన్న అక్షరాలు పైకి చదివింది. ఆగింది. మళ్ళీ చదివింది.

"ఏం చేశావు నాయనా?"

"ఏం లేదమ్మా, కాస్త సర్దాను, అంతే."

"నా కళ్ళు పోయాయనుకున్నాను. ఇంక ఇంతేనని పుస్తకాలన్నీ గ్రంథాలయానికి వాపసు పంపేశాను. కుట్టుచట్రం, సూదులు మా మేనకోడలికి ఇచ్చేశాను." జోడు తీసి చూసి, మళ్ళీ పెట్టుకుంది. "నీ చెయ్యి చల్లగా ఉండాలి. నువ్వు మామూలు మనిషివి కాదు."

ఆమె రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుంది. అతను ఆ చేతిని వెనక్కి లాక్కోనూ లేకపోయాడు, అలా ఉంచనూ లేకపోయాడు.

ఆ తర్వాతి వారమంతా ఆమె పంపిన మనుషులు వచ్చారు. "అట్టలమ్మ చెప్పింది, చూపు పోయిందనుకుంటే మేకు బిగించినంతలో తెప్పించారట" అని ఒకాయన. "మా అమ్మక్కూడా అలాగే సర్దండి" అని ఇంకొకామె. ఒక్కొక్కరు పొగుడుతుంటే ఒళ్ళంతా గొంగళిపురుగులు పాకినట్టుండేది. పాత చీటీ బల్ల మీద పడి ఉండగా కౌంటరావిడ చూసిందని అతనికి తెలుసు. ఆమె కళ్ళలోకి చూడడం మానేశాడు.

తొమ్మిదో రోజు పొద్దున పరీక్ష గదిలో ఒక లారీ ఆఫీసు గుమాస్తా కూర్చుని ఉన్నాడు. అతని మొహానికి పరీక్ష ఫ్రేము తొడిగి, అద్దం మార్చి, "ఇది బాగుందా, అది బాగుందా" అని అడిగాడు.

"రెండూ ఒకేలా ఉన్నాయి సార్" అన్నాడు గుమాస్తా.

అద్దాలాయన చేతిలో అద్దాన్ని పెట్టెలో పెట్టాడు. పెట్టె మూత వేశాడు. తెర తీసుకుని, కౌంటరు దాటుకుని, వీధిలోకి వెళ్ళిపోయాడు. గుమాస్తా బరువైన ఇనప ఫ్రేము ముక్కు మీద పెట్టుకుని, అక్షరాల బోర్డుకేసి చూస్తూ ఇరవై నిమిషాలు కూర్చున్నాడట. అదేదో పరీక్షలో భాగమనుకున్నాడట పాపం.

బజారు దాటాక ఎటు వెళ్ళాలో తెలియలేదు. ఇంటికి వెళ్ళలేడు. ఆ వేళకి భార్య తపాలా ఆఫీసులో ఉంటుంది, కూతురు బడిలో. ఖాళీ ఇల్లు తలుచుకుంటే భయమేసింది. కాళ్ళు వాటంతట అవే బస్సు డిపో వైపు నడిచాయి. అక్కడ బావ ఉంటాడు, అక్క మొగుడు. ముప్పై ఏళ్ళుగా బస్సు నడుపుతున్నాడు.

బావ డ్రైవర్ల గదిలో బెంచీ మీద కూర్చుని బూటు లేసులు కట్టుకుంటున్నాడు. తలెత్తి చూసి, "ఏంటి, ఇవాళ షాపుకి కళ్ళు రాలేదా?" అన్నాడు. బావమరిది మొహం సరిగ్గా చూశాక లేసు వదిలేశాడు. "కూర్చో."

అద్దాలాయన కూర్చున్నాడు. బావ లేచి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చి, తను కూడా పక్కనే కూర్చుని, అవతల బస్సులు కడుగుతున్న మనిషినే చూస్తూ ఉన్నాడు. కాసేపటికి అద్దాలాయన చెప్పడం మొదలుపెట్టాడు. చుక్క పెట్టకపోవడం, కుర్చీల్లో మనిషి నవ్వడం, తెర వెనక దాక్కోవడం, ఎనిమిది నిమిషాల్లో దొంగలా సరిచేయడం, ఆమె చెయ్యి పట్టుకోవడం. గుమాస్తాను వదిలేసి వచ్చిన సంగతీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ గ్లాసులోకే చూశాడు.

బావ "పోనీలే" అనలేదు. అది కొంత నయమనిపించింది.

"నాకు పన్నెండేళ్ళ కిందట జరిగింది తెలుసా నీకు?" అన్నాడు బావ. "మీ అక్క చెప్పి ఉండదు. నేను చెప్పొద్దన్నాను. వరసగా మూడు స్టాపుల్లో బస్సు ఆపలేదు. జనం చేతులూపుతున్నారు, లోపలివాళ్ళు అరుస్తున్నారు, నేను చూస్తూనే ఉన్నా. తలుపు తెరిస్తే ఇంకో మనిషి ఎక్కుతాడు. ఇంకొక్క మనిషిని కూడా మోయలేననిపించింది. ఒక గర్భిణి ఎండలో నిలబడిపోయింది. ఆమె మొహం ఇప్పటికీ గుర్తే."

"తర్వాత?"

"నలభై రోజులు స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు. అవమానంతో చచ్చాననుకో. కాని నువ్వొకటి చూడు. మాకు ఎనిమిది గంటలు దాటితే బండి ఇవ్వరు. నేను కాళ్ళు పట్టుకున్నా ఇవ్వరు. నన్ను చూసి జాలిపడి కాదు, వెనక కూర్చున్న యాభై మంది కోసం. నీకు దిగరా అని చెప్పేవాడెవడున్నాడు? నువ్వే యజమానివి, నువ్వే పనివాడివి. నీ వెనక కూడా జనం ఉన్నారని నీకు తట్టలేదు."

అద్దాలాయన గ్లాసు కింద పెట్టాడు. "ఇప్పుడే వెళ్ళి ఆమెకు చెప్పేస్తాను."

"వద్దు. ఇప్పుడు వెళ్తే నీ బరువు ఆమె మీద దింపి వస్తావు. ఏడుస్తావు కూడా. పాపం ఆమె నిన్ను ఓదార్చాలి. ముందు నిద్రపో. మనిషివయ్యాక వెళ్ళు. కాని వెళ్ళు. వెళ్ళకపోతే నేనే తీసుకెళ్తా."

ఇంట్లో భార్యకు చెప్పడం డిపోలో చెప్పినంత సులువుగా జరగలేదు. ఆమె మధ్యలో ఒక్కసారీ అడ్డు రాకుండా విని, "అమ్మాయి బడి నాటకానికి నువ్వొస్తానని రాలేదు, గుర్తుందా?" అంది. అతనికి గుర్తులేదు. "నాటకం ఉందన్న సంగతైనా?" అదీ గుర్తులేదు. ఆమె ముక్కు తుడుచుకుంది. "రెండేళ్ళుగా నేను ఒక షాపుతో కాపురం చేస్తున్నాను. అది తెరిచే వేళ, మూసే వేళ నాకు తెలుసు. నీ సంగతే తెలియదు." తర్వాత, "రేపు సెలవు పెడతాను. డాక్టరు దగ్గరికి వెళదాం" అంది.

డాక్టరమ్మ చిన్నదే, అతని కూతురికి అక్కలా ఉంది. నిద్ర ఎంత, తిండి ఎంత, ఆఖరుసారి సెలవు ఎప్పుడు, పనికి వెళ్ళాలంటే ఎలా ఉంటుంది, ఏవైనా పొరపాట్లు జరుగుతున్నాయా అని అడిగింది. ఆ చివరి ప్రశ్నకు తల వంచుకుని జరిగింది చెప్పాడు. ఆమె అద్దాల సంగతి కాదు, మనిషి సంగతి రాసుకుంది. మనిషి పని చేసీ చేసీ లోపల పూర్తిగా అరిగిపోవడం ఇదని, సోమరితనానికీ దీనికీ సంబంధం లేదని, నాలుగు రోజుల సెలవుతో తగ్గేది కాదని చెప్పింది. ఆరు వారాలు షాపు మొహం చూడొద్దంది.

"ఆరు వారాలు మూస్తే జనం ఏమనుకుంటారు?" అన్నాడు.

"తెరిచి ఉంచితే ఏం జరిగిందో మీరే చెప్పారు కదా" అందామె.

షట్టరు మీద అంటించే కాగితం దగ్గర మళ్ళీ గొడవ. 'మరమ్మతుల కారణంగా' అని రాశాడు. భార్య చదివి, "ఎవరికి మరమ్మతు?" అంది. అది చింపేసి, 'యజమానికి ఆరోగ్యం బాగోలేదు. ఆరు వారాల తర్వాత తెరుస్తాము' అని రాశాడు. అంటించేటప్పుడు మందుల దుకాణం అతను గడప దగ్గరికి వచ్చి చదువుతున్నాడని వీపుకు తెలుస్తూనే ఉంది. దొంగలా గబగబా అంటించి వచ్చేశాడు.

మొదటి రెండు వారాలు నిద్రే. తిని పడుకునేవాడు, లేచి తిని మళ్ళీ పడుకునేవాడు. మెలకువగా ఉన్న కాసేపూ నరకం. పట్టపగలు ఇంట్లో ఉండడమే పెద్ద తప్పులా అనిపించేది. ఎదురింటివాళ్ళు చూస్తారని కిటికీ పక్కకు వెళ్ళేవాడు కాదు. మూడో వారంలో అంట్లు తోమడం మొదలుపెట్టాడు. కూతురు బడి నుంచి వచ్చి చూసి, "నాన్నా, గిన్నెలకి పవరు చూస్తున్నావా, అంతసేపు ఎత్తి పట్టుకున్నావ్?" అంది. నవ్వొచ్చింది. చాలా నెలల తర్వాత వచ్చిన నవ్వు కాబట్టి ఎక్కడో తుప్పుపట్టిన చప్పుడు చేసింది. ఆ సాయంత్రం ఆ పిల్లతో నాటకం సంగతి ఎత్తి, రానందుకు తప్పు ఒప్పుకున్నాడు. "అందులో నాది చెట్టు వేషమే, నువ్వొచ్చినా గుర్తుపట్టేవాడివి కాదు" అంది. అన్నాక లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. మాట తేలిగ్గానే ఉంది గాని తలుపు మాత్రం కాస్త గట్టిగానే పడింది.

నాలుగో వారంలో అతనికి ఒక ఆలోచన వచ్చి కూర్చుంది. ఆ నెలల్లో అట్టలమ్మ ఒక్కతే కాదు కదా. కౌంటరావిడ ఇంటికి వెళ్ళాడు. ఆమె కుర్చీ వేసింది. "మీచేత అబద్ధం చెప్పించాను" అన్నాడు. అప్పటిదాకా ఆమెను నువ్వు అనే అనేవాడు.

"చెప్పింది నేనే కదా సార్. నోరు నాదే" అందామె. "ఆ పెద్దావిడ మళ్ళీ వచ్చినప్పుడల్లా నేను బిల్లు పుస్తకంలో తల దూర్చేదాన్ని. చీటీ చూసిన రోజు పని మానేద్దామనుకున్నా."

"ఎందుకు మానలేదు?"

"ఎవరో ఒకరు ఉండాలి కదా, మీరు పడిపోయేటప్పటికి."

డాక్టరమ్మను అడిగి, రోజుకు రెండు గంటలు మాత్రం, ఇద్దరూ ఆమె ఇంట్లోనే కూర్చుని ఐదు నెలల చీటీలు ముందేసుకున్నారు. ఒక్కొక్కరికీ ఫోను చేసి, షాపు తెరిచాక జోడు తెచ్చి చూపించమని చెప్పారు. "ఎందుకు?" అని అడిగినవాళ్ళకు, "నా పనిలో తప్పు దొర్లి ఉండొచ్చు" అని తనే చెప్పాడు. మొదటి పది ఫోన్లకూ చెమటలు పట్టాయి. కొందరు తిట్టారు. ఒకాయన, "మరి ఇన్నాళ్ళూ నా తలనొప్పికి మా ఆవిడ్ని తిట్టానే" అన్నాడు. తర్వాత చూస్తే మూడొందల పైచిలుకు జోళ్ళలో ఇంకో రెండు తప్పు తేలాయి. ఆ తలనొప్పి ఆయనవి మాత్రం సరిగ్గానే ఉన్నాయి.

అట్టలమ్మ ఇంటికి ఐదో వారం చివర వెళ్ళాడు. బావ సందు మొదట్లో ఆగిపోయాడు.

ఒకటే గది. కిటికీ పక్కన ఇనప ప్రెస్సు, గోడకు ఆనించిన అట్టలు, గుడ్డ చుట్టలు. పుస్తకాలు ఒక్కటీ లేవు. ఆమె కూర్చోమంది. అతను నిలబడే చెప్పాడు. "అమ్మా, మీ కళ్ళకు ఏమీ కాలేదు. అద్దాలు నేనే తారుమారు చేసి బిగించాను. మీరు రెండుసార్లు వచ్చినా చూడలేదు. రెండోసారి లోపలే ఉండి లేననిపించాను. ఆ రోజు మేకు బిగిస్తూ తప్పు తెలిసి, సరిచేసి, మీకు చెప్పలేదు. మీరు పొగుడుతుంటే విన్నాను."

ఆమె జోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"లోపల ఉన్నావని తెలుసు. దగ్గు వినిపించింది" అంది. "పని మీద ఉన్నాడు, ముసలిదాని గోల ఎందుకులే అనుకుని వెళ్ళిపోయాను. నాదే తప్పనుకున్నా."

అతను తల ఎత్తలేకపోయాడు.

"మూడు నెలలు" అందామె. "కళ్ళు మూసుకుని గదిలో నడవడం నేర్చుకున్నాను తెలుసా. ముందు ముందు పనికొస్తుందని. ఇక్కడినుంచి పొయ్యి దగ్గరికి పదకొండు అడుగులు. నా సూదులు ఇచ్చేసిన రోజు చెయ్యి తెగిపోయినట్టుంది."

"మీకు జీవితాంతం అద్దాలు నేనే..."

"వద్దు." గొంతు పెరగలేదు. "నాకు నీ అద్దాలు వద్దు. నీకు ఒంట్లో బాగోలేదని విన్నాను. అబద్ధమని అనుకోవట్లేదు. కాని నేను నీ దగ్గరికి వచ్చినప్పుడు నువ్వు నా మొహంలోకి చూసి ఉంటే చాలు. ఒళ్ళు బాగోకపోయినా ఆ మాత్రం చెయ్యొచ్చు."

ఆమే మళ్ళీ అంది: "ఒక పని చెయ్యి. గ్రంథాలయంలో అందరూ అట్టలమ్మకి చూపు పోయింది, కుట్టు పాడైంది అనుకుంటున్నారు. వాళ్ళకి నేను చెబితే ముసలిది బడాయి పోతోందంటారు. నువ్వు వెళ్ళి చెప్పు. నాకు చెప్పినట్టే చెప్పు, ఏదీ దాచకుండా."

మర్నాడు వెళ్ళాడు. గ్రంథాలయాధికారి గదిలో చెబుదామనుకున్నాడు గాని, ఆవిడ పుస్తకాలిచ్చే బల్ల దగ్గరే నిలబడి ఉంది. చుట్టూ సిబ్బంది నలుగురు, పత్రికలు చదువుకునేవాళ్ళు ఇంకో పదిమంది. లోపలికి రమ్మని అడగబోయి మానుకున్నాడు. అక్కడే చెప్పాడు. తెర వెనక దాక్కున్న సంగతీ దాచకుండా చెప్పాడు. పత్రిక మడిచి ఒకాయన అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. ఆయన ముక్కు మీద ఉన్నవి అద్దాలాయన చేసిన అద్దాలే.

"వేరే ఊరివాళ్ళతో ఏడాదికి ఒప్పుకున్నాం" అంది అధికారి ఇబ్బందిగా. "మిషను మీద చేస్తారు. కాని పాతవి, కాగితం పొడి రాలేవి వాళ్ళు ముట్టుకోరు. అవి ఆమెకు పంపుతాం."

మునుపు నెలకు ఎనభై వెళ్ళే చోట ఇప్పుడు పది పన్నెండు పుస్తకాలు వెళుతున్నాయి. మేనకోడలు చట్రం తిరిగి ఇచ్చేసింది. సూదుల్లో రెండు మాత్రం కనిపించలేదు.

ఆరు వారాల తర్వాత అతను షట్టరు ఎత్తాడు. ఆసుపత్రి రోడ్డు గది ఇంకో కళ్ళజోళ్ళ ఆవిడకు అప్పగించాడు. ఇక తనవల్ల కాదని మిల్లువాళ్ళకు చేతులు జోడించాడు. పొద్దున పది నుంచి ఐదు వరకే షాపు, గంటకు ఇద్దరికి మించి పరీక్ష లేదు, మధ్యాహ్నం ఒక గంట తలుపు మూసి కూర్చుని తినడం. పరీక్ష చేసే కుర్చీ ఎదురుగా తనకూ ఒక స్టూలు వేసుకున్నాడు, అవతలి మనిషి మొహం సూటిగా కనిపించేలా. పాత చిరాకు అప్పుడప్పుడూ మళ్ళీ గొంతులోకి వచ్చేది. వచ్చినప్పుడు కౌంటరావిడ వైపు చూసేవాడు. ఆమె తెర తీసి, "సార్ ఐదు నిమిషాల్లో వస్తారు, కూర్చోండి" అనేది. ఇప్పుడది నిజమే.

అట్టలమ్మ అద్దాల కోసం ఆసుపత్రి రోడ్డుకే వెళుతుంది. అక్కడ బాగా చూస్తున్నారని అతను విన్నాడు. బజారులో ఎదురుపడితే తల పంకిస్తుంది, ఆగదు. అతనూ ఆపడు. ఆమె మలుపు తిరిగేదాకా చూసి షాపులోకి వెళ్ళిపోతాడు, ఆ తర్వాత కాసేపు చెవులు వేడిగానే ఉంటాయి.

మొన్నొక రోజు ఐదు దాటి పది నిమిషాలకు షట్టరు సగం దించుతుండగా ఒకాయన ఆయాసపడుతూ వచ్చాడు. చదువుకునే జోడు కాడ విరిగిందట, రేపటికల్లా కావాలట.

"రేపు పదింటికి రండి, మొదట మీదే చేస్తాను."

"రెండు నిమిషాల పనండీ."

"రెండు నిమిషాల పనే. చూడకుండా చేసేస్తాను ఇప్పుడైతే."

ఆయన అర్థంకానట్టు చూసి, పెద్ద గొప్ప అన్నట్టు ఏదో గొణుక్కుంటూ వెళ్ళాడు. అద్దాలాయనకు ఒక అడుగు వేసి వెనక్కి పిలుద్దామనిపించింది. పిలవలేదు. షట్టరు పూర్తిగా దించి, తాళం వేసి, బండి తియ్యకుండా నడుచుకుంటూ తపాలా ఆఫీసు వైపు బయలుదేరాడు. భార్య బయటికొచ్చే వేళయింది.